పెరటి చెట్టు, స్టోర్స్ గుమాస్తా



పోయిన ఆదివారం కమిటీ మీటింగులో ఉగాది పండగకు ముఖ్య అతిథిగా ఎవరిని పిలవాలని గంటన్నర మాట్లాడుకున్నాం. హైదరాబాదు నుంచి సినిమా మనిషి కావాలని కొందరు, టీవీలో పాడే అమ్మాయి కావాలని కొందరు. విమానం టికెట్టు, హోటల్ రూము, కారు అన్నీ లెక్క వేశారు. మేము ఒక పేరు చెప్పాం. మన కాలనీ గ్రౌండులో ముప్పై ఏళ్ళుగా పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్న పెద్దాయన పేరు. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక తమ్ముడు, "ఆయన్ని రోజూ చూస్తానే ఉన్నాం కదన్నా, ఆయన్ని చూడ్డానికి ఎవరొస్తారు?" అన్నాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం, అబద్ధం చెప్పడమెందుకు. ఇంటికి వచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు.

మేము అంటే ఎవరో మీకు తెలిసిందే. సాయంత్రం అయిదు దాటితే గ్రౌండు పక్కన సిమెంటు బెంచీ మీద చేరే నలుగురు పెన్షనర్లం. రాసే చెయ్యి ఒకటే గానీ మాట నలుగురిదీ. చదువంతా తమిళ మీడియం. తెలుగు అమ్మ నోట నేర్చింది, అక్షరాలు రిటైరయ్యాక మనవళ్ళ పుస్తకాలు పెట్టుకుని దిద్దుకున్నవి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఆ రాత్రి మాకు గుర్తొచ్చినవాడు జార్జ్ రేనర్. ఈ పేరు మీలో ఎవరూ విని ఉండరు. ఇంగ్లండులోనే చాలామందికి తెలియదు. 1958లో స్వీడన్ జట్టును ప్రపంచ కప్పు ఫైనల్ దాకా తీసుకుపోయిన కోచ్ ఆయన. ఒక జట్టుకు కోచ్‌గా ఉండి ప్రపంచ కప్పు ఫైనల్ చూసిన మొదటి ఇంగ్లీషువాడు. ఆ తర్వాత సొంత దేశానికి తిరిగి వస్తే ఆయనకు దొరికిన పని ఏమిటో తెలుసా? స్కెగ్నెస్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో, బట్లిన్స్ వాళ్ళ హాలిడే క్యాంపులో స్టోర్స్ గుమాస్తా పని.

మాలో ఇద్దరం రైల్వే స్టోర్స్ డిపోలో ఉద్యోగం చేసినవాళ్ళం. ఆ పని ఏమిటో మాకు బాగా తెలుసు. వచ్చిన సరుకు లెక్క పెట్టాలి, బిన్ కార్డులో రాయాలి, ఇచ్చిన సరుకుకు సంతకం తీసుకోవాలి, సాయంత్రం లెడ్జరుకు కార్డుకు లెక్క సరిపోవాలి. అందులో తక్కువ ఏమీ లేదు, దానితోనే మా పిల్లలు చదువుకున్నారు. కానీ పెలేకు ఎదురుగా జట్టును నిలబెట్టిన మనిషి చేత దుప్పట్లు, కప్పులు లెక్క పెట్టించడం ఏ దేశం లెక్క?

మొదటి నుంచి చెబుతాం. రేనర్ 1907లో యార్క్‌షైర్‌లో బార్న్‌స్లీ దగ్గర హోయ్‌లాండ్ అనే చోట పుట్టాడు. బొగ్గు గనుల ప్రాంతం అది. ఆటగాడిగా ఆయన చాలా మామూలు మనిషి, రైట్ వింగులో ఆడేవాడు. షెఫీల్డ్ యునైటెడ్‌లో పెద్దగా అవకాశం రాలేదు. తర్వాత మాన్స్‌ఫీల్డ్, రాథర్‌హామ్, బరీ, ఆల్డర్‌షాట్. అన్నీ చిన్న క్లబ్బులు, లేదా కింది డివిజన్ క్లబ్బులు. ఇంగ్లండు జట్టు చొక్కా ఒక్కసారి కూడా వేసుకోలేదు. ఇంతలో యుద్ధం వచ్చింది, ముప్పై దాటిన ఆటగాడి బతుకు అక్కడితో ముగిసింది.

సైన్యంలో ఆయన్ని కసరత్తు నేర్పే పనికి పెట్టి ఇరాక్ పంపారు. బాగ్దాద్‌లో కుర్రవాళ్ళను పోగేసి ఒక జట్టు తయారుచేసి చుట్టుపక్కల దేశాలకు తీసుకుపోయి ఆడించాడు. ఆయన అసలు పనితనం బయటపడింది అక్కడే. ఈ సంగతి ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ స్టాన్లీ రౌస్ చెవిన పడింది. యుద్ధం అయ్యాక రేనర్ ఆల్డర్‌షాట్‌లో రిజర్వు జట్టుకు ట్రైనరుగా ఉన్నాడు. అప్పుడు స్వీడన్ వాళ్ళు మాకొక కోచ్ కావాలని అడిగితే రౌస్ ఈయన పేరు చెప్పాడు. 1946లో స్వీడన్ పోయాడు. ఒకటి గమనించండి, ఇంత తెలిసిన రౌస్ కూడా ఆయన్ని పక్క దేశానికి సిఫార్సు చేశాడే గానీ ఇంట్లో ఒక కుర్చీ వేయలేదు.

రెండేళ్ళు తిరగలేదు, 1948 లండన్ ఒలింపిక్స్ వచ్చాయి. ఆ ఒలింపిక్స్‌లో మన ఇండియా జట్టు కూడా ఆడింది. ఎక్కువ మంది వట్టి కాళ్ళతో ఆడి, రెండు పెనాల్టీలు పోగొట్టుకుని, ఫ్రాన్స్ చేతిలో 2-1 తేడాతో ఓడారు. స్వీడన్ మాత్రం ఆస్ట్రియాను 3-0తో, కొరియాను 12-0తో కొట్టి సెమీఫైనల్లో డెన్మార్కుకు ఎదురుపడింది. ఆ ఆటలో ఒక ముచ్చట ఉంది, అది చెప్పకుండా ముందుకు పోలేం. స్వీడన్ సెంటర్ ఫార్వర్డ్ గున్నార్ నార్దాల్, ఫైర్ సర్వీసులో పనిచేసిన భారీ మనిషి. ఒకసారి స్వీడన్ వాళ్ళు బంతి తీసుకుని వస్తుంటే తాను ఆఫ్‌సైడులో ఉన్నానని చూసుకుని, పరుగెత్తి గోల్ గీత దాటి ఏకంగా నెట్టు లోపలికి పోయి నిలబడ్డాడు. ఆటస్థలం బయట ఉన్నవాడికి ఆఫ్‌సైడ్ ఏమిటి? ఇంతలో కార్ల్‌సన్ తలతో కొట్టిన బంతి గోల్లోకి వస్తే నెట్టులో నిలబడ్డ నార్దాల్ దాన్ని చేతులతో పట్టుకున్నాడు. గోల్‌కీపర్ పట్టాల్సిన బంతిని గోల్ వేసిన జట్టువాడే పట్టాడు. మేము దీన్ని బెంచీ మీద ఎన్నిసార్లు చెప్పుకున్నా నవ్వొస్తుంది. ఫైనల్లో యుగోస్లావియాను 3-1తో కొట్టి, ఇంగ్లండు గుండెకాయ లాంటి వెంబ్లీలోనే బంగారు పతకం తీసుకున్నారు. మాట్ బస్బీ లాంటి పెద్ద మేనేజరు చేతిలో ఉన్న బ్రిటన్ జట్టుకు నాలుగో స్థానం.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. స్వీడన్‌లో ఆటగాళ్ళను ఎంపిక చేసేది రేనర్ ఒక్కడే కాదు, పుట్టె కొక్ అనే ఆయన పెద్దగా ఉన్న కమిటీ ఉండేది. నేర్పించేవాడు రేనర్. ఇద్దరికీ పడింది. కమిటీ అన్నది ఉన్నంత మాత్రాన పని చెడిపోదు, ఈ మాట మా కమిటీ వాళ్ళు గమనించాలి.

బంగారం గెలిచిన సంతోషం ఎన్నాళ్ళు? స్వీడన్ ఆటగాళ్ళు జీతం లేని అమెచ్యూర్లు. ఇటలీ క్లబ్బులు డబ్బు సంచులతో దిగాయి. నార్దాల్, గ్రెన్, లీడ్‌హోమ్ ముగ్గురూ మిలాన్‌కు పోయారు. జీతానికి ఆడేవాడికి దేశపు జట్టులో చోటు లేదని స్వీడన్ నియమం. అంటే రేనర్ చేతిలోని పూర్తి ముందు వరస పోయింది. 1950 ప్రపంచ కప్పుకు బ్రెజిల్ పోయింది కొత్త పిల్లలతో. ఆ కొత్త పిల్లలే అప్పటి ప్రపంచ చాంపియన్ ఇటలీని 3-2తో కొట్టారు. చివరికి మూడో స్థానం. ఇంగ్లండు అదే కప్పులో అమెరికా చేతిలో ఓడి మొదటి మెట్టులోనే ఇంటికి వచ్చేసింది. ఇంకో సంగతి, స్వీడన్, ఇటలీ, పరాగ్వే ఉన్న ఆ గ్రూపులో నాలుగో పేరు మన దేశానిదే. మన వాళ్ళు పోలేదు. పోయి ఉంటే రేనర్ పిల్లలతో మన పిల్లలు ఆడేవారు. ఎన్ని గోల్స్ తినేవాళ్ళమో ఏమో, అయినా పోవాల్సింది.

1950 తర్వాత ఇటలీ వాళ్ళు మళ్ళీ వచ్చి రెండో కోత కూడా కోసుకుపోయారు. మళ్ళీ నారు పోసుకున్నాడు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో కంచు పతకం. ఒక మనిషి ఆరేళ్ళలో మూడుసార్లు జట్టు కట్టి మూడుసార్లు పతకం దగ్గర నిలబెట్టాడంటే అది అదృష్టం అనలేం.

ఆయన బుర్ర ఎలాంటిదో చెప్పాలంటే 1953 నవంబరు చాలు. అప్పటి హంగేరీ జట్టును ఓడించేవాడు లోకంలో లేడు. వాళ్ళ కీలకం హిడెగ్‌కుటి. చొక్కా మీద సెంటర్ ఫార్వర్డ్ నంబరు 9 ఉంటుంది, ఆడేది మాత్రం వెనక్కి దిగి. అతని వెంట పోతే వెనక గుంత పడుతుంది, పోకపోతే అతను తీరుబడిగా ఆట నడుపుతాడు. రేనర్ అది చూసి అతనికి ప్రత్యేకంగా కాపలా పెట్టించాడు. బుడాపెస్ట్‌లో, కొత్త స్టేడియంలో, నవంబరు 15న 2-2తో సమం చేసి వచ్చాడు. గెలిస్తే ఊళ్ళో ఉన్న స్టాలిన్ విగ్రహం మీసాలకు ఎర్ర రంగు పూస్తానని ముందే చెప్పాడట. గెలవకపోవడం మంచిదే అయింది!

సరిగ్గా పది రోజులకు, నవంబరు 25న, అదే హంగేరీ వెంబ్లీకి వచ్చింది. యూరప్ ఖండం నుంచి వచ్చిన జట్టు చేతిలో ఇంగ్లండు సొంత గడ్డ మీద అంతవరకు ఓడలేదు. 6-3. హిడెగ్‌కుటి మొదటి నిమిషంలోనే మొదలుపెట్టి మూడు గోల్స్ వేశాడు. ఇంగ్లండు సెంటర్ హాఫ్ హ్యారీ జాన్‌స్టన్ అతని వెంట పోవాలో ఉన్నచోట ఉండాలో ఆట అయిపోయేదాకా తేల్చుకోలేకపోయాడు. మందు తెలిసిన వైద్యుడు తమ ఊరివాడే. పది రోజుల కిందటే అదే రోగానికి మందు వేసి వచ్చాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన అమ్మమ్మలు ఊరికే అనలేదు.

తర్వాత ఇటలీలో లాజియో క్లబ్బు, 1956లో ఇంగ్లండులో కోవెంట్రీ సిటీ. రెండు చోట్లా నిలవలేదు. మళ్ళీ స్వీడన్ పిలిచింది, ఎందుకంటే 1958 ప్రపంచ కప్పు వాళ్ళ ఇంట్లో పెళ్ళి. ఈసారి నియమం సడలించి ఇటలీలో ఉన్నవాళ్ళను కూడా తీసుకోనిచ్చారు. లీడ్‌హోమ్‌కు 35 ఏళ్ళు, గ్రెన్‌కు 37. ముసలి జట్టు అన్నారు. ఆ ముసలి జట్టు హంగేరీని, సోవియట్ యూనియన్‌ను, సెమీఫైనల్లో పశ్చిమ జర్మనీని కొట్టింది. ఫైనల్లో బ్రెజిల్. ముందు ఒక గోల్ తింటే బ్రెజిల్ వాళ్ళు బెదిరిపోతారని రేనర్ చెప్పాడు. నాలుగో నిమిషంలో లీడ్‌హోమ్ గోల్ వేశాడు. వాళ్ళు బెదరలేదు. పదిహేడేళ్ళ పెలే రెండు, వావా రెండు, జగాలో ఒకటి, మొత్తం 5-2. రేనర్ అంచనా తప్పింది, తప్పిందని రాయడానికి మాకేం మొహమాటం లేదు. నేర్పే మనిషి కూడా తప్పు చెబుతాడు.

స్వీడన్ రాజు బిరుదు ఇచ్చాడు. ఇంగ్లండు ఏమిచ్చింది? మిడ్‌లాండ్ లీగ్‌లో ఆడే స్కెగ్నెస్ టౌన్ అనే చిన్న జట్టు, బట్లిన్స్ స్టోరు గది. ఇంత ఉన్నా స్వీడన్ ఆయన్ని వదల్లేదు. 1959 అక్టోబరులో స్వీడన్‌ను తీసుకుని వెంబ్లీకి వచ్చి ఇంగ్లండును 3-2తో ఓడించాడు. హంగేరీ తర్వాత ఖండం నుంచి వచ్చి అక్కడ ఇంగ్లండును ఓడించిన రెండో జట్టు అది. గెలిచాక ఆయన సంతోషపడలేదు, శత్రువుల పక్షాన చేరిన వాడిలా ఉందని బాధపడ్డాడు. నా దేశానికి పనిచేయాలని ఉంది, ఎవరూ పిలవడం లేదు అని బాహాటంగా చెప్పుకున్నాడు. ఆత్మాభిమానం ఉన్న మనిషి ఇంత అడగడానికి ఎంత కష్టపడి ఉంటాడో పదోన్నతి కోసం కాగితం పట్టుకుని ఆఫీసరు గది బయట నిలబడ్డ మాలాంటి వాళ్ళకు తెలుసు. అయినా పిలవలేదు. చివర్లో 1967లో కింది డివిజన్లలో ఆడే డాన్‌కాస్టర్ రోవర్స్‌లో ఉద్యోగం ఇచ్చారు, ఏడాది తిరిగేసరికి అదీ పోయింది. 1985లో చనిపోయాడు.

ఎందుకిలా అయింది? మా బెంచీ మీద దీని గురించి రెండు సాయంత్రాలు వాదన నడిచింది. మాలో ఒకరు, అకౌంట్స్‌లో పనిచేసిన మనిషి, గట్టిగా ఎదురు మాట్లాడాడు. లాజియోలో నిలవలేదు, కోవెంట్రీలో నిలవలేదు, డాన్‌కాస్టర్‌లో నిలవలేదు, స్వీడన్ మట్టి మంచిది గనుక పండింది, ఇంగ్లండును ఎందుకు తప్పుపట్టాలి అన్నాడు. ఈ మాటలో నిజం ఉంది. కానీ మిగిలిన ముగ్గురం అడిగింది వేరు. స్వీడన్‌లో ఆయనకు దొరికిందేమిటి? నేర్చుకోవాలనుకునే మనుషులు. వాళ్ళు ఆయన్ని నువ్వు ఇంగ్లండుకు ఎన్ని ఆటలు ఆడావు అని అడగలేదు. ఇంగ్లండులో అడిగే మొదటి ప్రశ్న అదే. అప్పట్లో వాళ్ళ నమ్మకం ఏమిటంటే, ఆట పుట్టింది మా దగ్గర, ఆడటం మాకు పుట్టుకతో వచ్చు, నేర్పేదేముంది? దేశపు జట్టును కూడా కమిటీ పెద్దలే ఎంచేవారు, మేనేజరు వాల్టర్ వింటర్‌బాటమ్‌కు పూర్తి అధికారం లేదు. ఆ 6-3 ఆటలో ఇంగ్లండు తరఫున పెనాల్టీ గోల్ వేసిన ఆల్ఫ్ రామ్సే తర్వాత మేనేజరైనప్పుడు, జట్టును నేనే ఎంచుకుంటాను అని షరతు పెట్టి చేరాడు. 1966లో కప్పు గెలిచాడు. రామ్సే చెబితే విన్నారు, ఎందుకంటే రామ్సే ఇంగ్లండుకు ఆడిన మనిషి.

మాకు తోచింది ఇది. గొప్పగా ఆడినవాడికి తాను ఎలా ఆడాడో చెప్పడం చాలాసార్లు రాదు. కాలు దానంతటది పోయింది అంటాడు. కష్టపడి, తప్పులు చేసి, రిజర్వు బెంచీ మీద కూర్చుని ఆటను చూసి చూసి అర్థం చేసుకున్నవాడికి చెప్పడం వస్తుంది. మన హైదరాబాదు రహీం గారు స్కూలు మాస్టరు. ఆయన చేతిలోనే ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా పోయింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం గెలిచింది. చనిపోయిన అరవై ఏళ్ళకు ఆయన మీద హిందీ సినిమా వస్తే గానీ మన పిల్లలకు పేరు తెలియలేదు.

స్వీడన్ కథకు ఇంకో కొస ఉంది. రేనర్ తర్వాత 1974లో బాబ్ హౌటన్ అనే ఇంగ్లీషు కుర్రాడు స్వీడన్‌లో మాల్మో క్లబ్బుకు కోచ్‌గా పోయాడు. ఈయనా ఆటగాడిగా పేరు లేనివాడే. 1979లో మాల్మోను యూరోపియన్ కప్పు ఫైనల్‌కు తీసుకుపోయాడు. ఆయన పద్ధతులు చూసి నేర్చుకున్న స్వీడన్ కోచ్‌లలో స్వెన్ గోరాన్ ఎరిక్సన్ ఒకడు. 2001లో ఇంగ్లండు మొట్టమొదటిసారి విదేశీయుణ్ణి తమ దేశపు జట్టుకు కోచ్‌గా పెట్టుకుంది. ఎవరిని? ఈ ఎరిక్సన్‌నే! పెరట్లో చెట్టును చూడనివాళ్ళు, దాని విత్తనం పక్క ఊళ్ళో కాస్తే డబ్బు పెట్టి కొన్నారు. హౌటన్ తర్వాత మన దేశానికి కూడా వచ్చి 2006 నుంచి 2011 దాకా ఇండియా జట్టుకు కోచ్‌గా ఉన్నాడు.

ఇంగ్లండు వాళ్ళను తిట్టుకుంటూ పోతే సులభంగానే ఉంటుంది. మన సంగతి? తులసీదాస్ బలరామ్ పేరు చెబుతాం. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో తమిళ తల్లిదండ్రులకు పుట్టాడు. మనం తమిళ గడ్డ మీద తెలుగువాళ్ళం, ఆయన తెలుగు గడ్డ మీద తమిళుడు. రహీం గారి చేతిలో తయారై ఇండియాకు ఆడాడు, 1962 బంగారం జట్టులో ఉన్నాడు. జబ్బు చేసి చిన్న వయసులోనే ఆట మానేసి, మనలాగే రైల్వేలో ఉద్యోగం చేసుకున్నాడు, సౌత్ ఈస్టర్న్‌లో. తనతో పాటు ఆడిన చునీ గోస్వామికి, పి.కె. బెనర్జీకి పద్మశ్రీ వచ్చింది, ఆయనకు రాలేదు. 2023లో బెంగాల్‌లో పోయాడు. తెలుగువాళ్ళు తమిళుడన్నారో, తమిళులు హైదరాబాదువాడన్నారో, బెంగాలీలు మద్రాసీ అన్నారో, మొత్తానికి మావాడు అని గట్టిగా అడిగిన సంఘం ఒక్కటీ లేదు. మా సంఘం కూడా అడగలేదు. ఆయన బతికి ఉండగా మేము ఒక్క కార్డు ముక్క కూడా రాయలేదు. రైల్వేలో ఉండి కూడా.

ఇప్పుడు మన గ్రౌండుకు వద్దాం. మేము చెప్పిన పెద్దాయన పేరు ఇక్కడ రాయడం లేదు, రాస్తే ఆయనకే కోపం వస్తుంది. డివిజన్ జట్టులో కూడా ఆయనకు చోటు రాలేదు, రిజర్వుగానే ఉన్నాడు. కానీ మన కాలనీ పిల్లల్లో స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళందరికీ బంతి ఆపడం నేర్పింది ఆయన. కుడికాలు వాటం పిల్లాణ్ణి ఎడమ చెప్పు విప్పించి నెల రోజులు ఎడమకాలితోనే ఆడించేవాడు. ఫీజు లేదు. బంతి చిరిగితే తానే సూది పట్టి కుట్టేవాడు. ఇప్పుడు మోకాలు నొప్పితో కుర్చీ వేసుకుని కూర్చుని ఈల ఊదుతున్నాడు. ఆ కుర్చీ కూడా టీ కొట్టువాడిది.

"ఆయన్ని చూడ్డానికి ఎవరొస్తారు" అన్న తమ్ముడూ, నువ్వు ఆయన దగ్గరే నేర్చుకున్నావు. నీ ఎడమకాలి షాటు ఎక్కడిదో నీకు తెలుసు. నీ మీద కోపం లేదు, ఆ రోజు మేమూ నవ్వాం.

సినిమా వాళ్ళను పిలవద్దనడం లేదు. పిలవండి, ఆడవాళ్ళు, పిల్లలు సంతోషపడతారు. కానీ ముఖ్య అతిథి కుర్చీ పెద్దాయనదే అని వచ్చే ఆదివారం మేము మళ్ళీ పేరు పెడుతున్నాం, ఈసారి కాగితం మీద, నలుగురి సంతకాలతో. ఓటు పెట్టండి. ఓడితే ఓడతాం. మినిట్స్ బుక్కులో మాత్రం ఆయన పేరు, తేదీ రాయించండి. ఇంకో మాట, విమానం టికెట్టు లెక్కలో మిగిలేది ఏమైనా ఉంటే గ్రౌండుకు ఆరు బంతులు, చేతులున్న ఒక మంచి కుర్చీ కొనాలని కూడా ఆ కాగితంలో రాశాం. కొటేషను తెచ్చి పెట్టాం, స్టోర్స్ వాళ్ళం కదా.